ఐర్లాండ్ పల్లెల్లో బాగుచేసి అద్దెకిచ్చే పాత ఇళ్ళు: అత్తయ్య, మావయ్యలతో వెళ్ళొచ్చా?

లూకన్_లావణ్య | శుక్రవారం, రాత్రి 9:12

అందరికీ నమస్తే. మే చివర్లో మా అత్తయ్య, మావయ్య రాజమండ్రి నుంచి వస్తున్నారు. డబ్లిన్‌లో ఎన్నాళ్ళని అవే షాపింగ్ సెంటర్లు తిప్పుతాం, ఒక వారాంతం పల్లెటూళ్ళో గడుపుదామని నా ఆలోచన. హోటల్ వద్దు. పాత రాతి ఇళ్ళు, పూరిళ్ళు, లైట్‌హౌస్ కాపలాదారుల ఇళ్ళు బాగుచేసి సెలవులకి అద్దెకిస్తున్నారు కదా, అలాంటిది కావాలి. మా ఆయనేమో "డబ్బులిచ్చి మరీ చలికి వణకడం ఎందుకు" అంటున్నారు.

మావయ్యకి మోకాళ్ళ నొప్పులు. అత్తయ్యకి పొద్దున్నే ఆరింటికల్లా కాఫీ పడాలి, మధ్యాహ్నం అన్నం, పప్పు ఉండాలి. మాతో ఆరేళ్ళ పిల్ల. ఉండి వచ్చినవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి. ఫొటోలు నేనూ చూశాను.

గాల్వే_గోపి | శుక్రవారం, రాత్రి 9:40

నిక్షేపంలా వెళ్ళండి. కానీ బుక్ చేసే ముందు ఓనర్ని అడగాల్సిన మొదటి ప్రశ్న: ఇల్లు వెచ్చబడేది దేనితో? ఈ ఇళ్ళ గోడలు రెండడుగుల మందాన రాయి. ఒకసారి వేడెక్కాయంటే రాత్రంతా పట్టి ఉంచుతాయి. చల్లబడి ఉన్నాయా, మీరు వెళ్ళిన పూట హీటర్ ఎంత తిప్పినా చలించవు. చేరే రోజు పొద్దున్నే హీటింగ్ వేసి ఉంచమని మెసేజ్ పెట్టండి. మంచి ఓనర్లు అడక్కపోయినా వేస్తారు. కరెంటు అద్దెలో కలిసిందా, మీటర్ చూసి వేరే కట్టాలా అన్నదీ అప్పుడే తేల్చుకోండి.

వేడినీళ్ళకి చాలా ఇళ్ళలో ఇమ్మర్షన్ స్విచ్ ఉంటుంది. దాని మీద 'సింక్', 'బాత్' అని రెండు. సింక్ మీద వేస్తే ట్యాంకు పైభాగమే కాగుతుంది. మీరు ఐదుగురు కాబట్టి బాత్ మీద వేసి, గంట ఆగి, అయ్యాక గుర్తుగా ఆపండి. ఇమ్మర్షన్ ఆపకుండా బయటికి వెళ్ళినవాణ్ణి ఈ దేశంలో ఎవరూ క్షమించరు! షవర్ రావట్లేదని కంగారు పడకండి, సీలింగ్ నుంచి వేలాడే తాడు ఒకటి ఉంటుంది, అది లాగాలి.

మే చివర మంచి టైమే. ఇక్కడ ఏడాదిలో ఎండ ఎక్కువ కాసేది మే, జూన్‌లోనే. రాత్రి పదింటిదాకా వెలుతురు.

సిద్దిపేట_సీను | శుక్రవారం, రాత్రి 10:05

అక్కా, విక్లో హెడ్ లైట్‌హౌస్ మాత్రం బుక్ చెయ్యకు, ముందే జెప్తున్న. మేం దోస్తులం పోయినం. 1781ల కట్టిన ఎనిమిది మూలల రాతి బురుజు. 1836ల పిడుగు వడి లోపలంత కాలిపోయిందట, శానా ఏండ్లు ఉత్త గోడలే ఉండె. ఐరిష్ ల్యాండ్‌మార్క్ ట్రస్టోల్లు బాగుచేసిన్రు. అర్ర మీద అర్ర, అర్ర మీద అర్ర, గట్ల పోతనే ఉంటది. వంటిల్లు ఏడున్నదనుకుంటున్నవ్? అన్నిటికన్న మీద. 109 మెట్లు. అక్కడ గూసొని సముద్రం జూస్కుంట చాయ్ తాగుతుంటే దిగబుద్ధి గాలె, అది వేరే ముచ్చట. ఉప్పు పాకెట్ కార్ల మర్చిపోయినం. ఎవడూ కిందికి పోలే. ఉప్పు లేకుంటనే తిన్నం.

లూకన్_లావణ్య | శుక్రవారం, రాత్రి 10:11

109 మెట్లా! మావయ్య ఎక్కరు, ఎక్కినా దిగరు. అది లిస్టులోంచి తీసేశాను.

పాతగోడలు | శనివారం, ఉదయం 8:30

నేను కిల్కెన్నీ దగ్గర పాత కట్టడాల మరమ్మతు పనిలో ఉన్నాను. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక లేనివాళ్ళు దాటెయ్యండి.

"బాగుచేసిన పాత ఇల్లు" అని ప్రకటనల్లో కనిపించేవన్నీ ఒక బాపతు కావు. సీను గారు చెప్పిన ట్రస్టు 1992లో మొదలైంది, లాభాపేక్ష లేని సంస్థ. పాడుబడిపోతున్న లైట్‌హౌస్ ఇళ్ళు, ఎస్టేటు గేటు దగ్గరి కాపలా ఇళ్ళు, స్లైగోలో ఒక పాత బడి, కిల్కెన్నీలో ఒక కోట, ఇలాంటివి తీసుకుని శ్రద్ధగా బాగుచేసి, వచ్చిన అద్దెతో వాటిని నిలబెడుతుంది. మేం ఉన్న దాంట్లో టీవీ లేదు, పుస్తకాల అర ఉంది. డబ్లిన్‌కి దగ్గర్లో కావాలంటే కిల్డేర్ కౌంటీలో కాసిల్‌టౌన్ ఎస్టేటు అంచున, లిఫీ నది పక్కన బాటీ లాంగ్లీ లాడ్జ్ చూడండి. ముందు గోడ చూస్తే చిన్న గుడి ముఖద్వారంలా ఉంటుంది, వెనకాల మామూలు ఇల్లే. కాకపోతే అది ఐదుగురికి చాలదు.

ఇక కుటుంబాలు సొంతంగా నడిపేవి. తాతల నాటి ఇల్లు కూలనివ్వకుండా నిలబెట్టుకున్నవాళ్ళు కొందరైతే, టూరిస్టుల కోసం ఈమధ్య కట్టి పైన గడ్డి కప్పినవాళ్ళు కొందరు. రెండోవి తప్పేం కాదు, పెద్దవాళ్ళకి నిజానికి అవే సుఖం. కానీ పాతదన్న పేరుతో పాత ఇంటి అద్దె కట్టకండి. గుర్తు పట్టడం తేలిక. అసలైన పల్లె ఇల్లు ఒక గది వెడల్పే ఉంటుంది, పొడవునా గదులు వరసగా. దొరికిన దూలాల పొడవు అంతే కాబట్టి కప్పు అంతకంటే వెడల్పు రాదు. కిటికీ గూట్లో మోచేయి చాపితే గోడ మందం తెలుస్తుంది. వంటగదిలో ముందు తలుపు, వెనక తలుపు చాలా ఇళ్ళలో ఎదురెదురుగా ఉంటాయి.

కప్పు సంగతి. వోట్ గడ్డి, గోధుమ గడ్డి, నీటి రెల్లు, ప్రాంతాన్ని బట్టి ఏది దొరికితే అది. హేజెల్ లేదా విల్లో కర్రని బద్దలు చేసి, మధ్యకి మెలితిప్పి, పిన్నులా వంచి గడ్డిలోకి గుచ్చుతారు. పడమటి తీరంలో గాలి జోరుకి అదొక్కటే ఆగదు, కప్పు మీదుగా తాళ్ళు వేసి చూరు కింద గోడలో దిగేసిన రాతి మేకులకి కడతారు. మన కోనసీమ తాటాకిల్లు రెండు మూడేళ్ళకే మళ్ళీ కప్పాలి, ఇక్కడ మంచి పనివాడు కప్పిన గడ్డి పది పదిహేనేళ్ళు వస్తుంది, రెల్లు ఇంకా ఎక్కువ. పనివాళ్ళు తక్కువ, పూరిళ్ళకి ఇన్సూరెన్స్ దొరకడం కష్టం. దొరికినా ప్రీమియం వాచిపోతుంది. అందుకే కొందరు ఓనర్లు పొయ్యి ఉన్నా కట్టెలు వెయ్యనివ్వరు. పొయ్యి కోసమే వెళ్తున్నట్టయితే ముందే అడగండి.

చెమ్మ గురించి ఒక్క మాట. ఈ గోడలు సున్నంతో కట్టినవి, తేమని పీల్చుకుని బయటికి వదులుతాయి. గత శతాబ్దంలో చాలామంది వాటి మీద సిమెంటు పూత కొట్టారు, లోపల చెమ్మ లోపలే ఉండిపోయింది. ఇప్పుడు మా పనిలో సగం ఆ సిమెంటు చెక్కి మళ్ళీ సున్నం పెట్టడమే. రివ్యూల్లో "ముక్క వాసన" అని రెండు మూడు చోట్ల కనిపిస్తే, ఫొటోలు ఎంత బాగున్నా వదిలెయ్యండి. మీ మావయ్యకి ఆయాసం లాంటిది ఉంటే మరీను.

ఇంకోటి. 2000 నాటి ప్రణాళికా చట్టం కింద రక్షిత కట్టడంగా నమోదైన ఇంటికి కిటికీ మార్చాలన్నా అనుమతి కావాలి. కాబట్టి పలచటి అద్దాలు, ఇరుకు మెట్లు, తల తగిలే గుమ్మాలు అలాగే ఉంటాయి. ఓనర్ పిసినారి అనుకోకండి.

వంకాయ_వేపుడు | శనివారం, ఉదయం 9:02

అసలు విషయం ఎవరూ చెప్పట్లేదు. తాలింపు. ఎండుమిర్చి, ఇంగువ పడగానే పొగ అలారం మోగుతుంది. మేం చేసే పని: డబ్లిన్‌లోనే తాలింపు విడిగా వేయించి సీసాలో పోసుకెళ్ళడం, అక్కడ పప్పు ఉడికించి కలిపెయ్యడం. సగం తలుపు ఉన్న ఇల్లయితే పై రెక్క తెరిచి పెట్టుకోవచ్చు, వెలుతురు లోపలికి, కోళ్ళు బయట ఉండడానికి పెట్టిన తలుపు మన పులుసు ఘాటుకి భలే పనికొస్తుంది. అలారం మీద టవల్ కప్పడం లాంటివి చెయ్యకండి దయచేసి.

అత్తయ్య గారు ఇండియా నుంచి బుల్లి మిక్సీ, రైస్ కుక్కర్ తెస్తే పిన్ను ఇక్కడి సాకెట్‌కి పట్టదు, అడాప్టర్ పెట్టుకోండి.

కరువుసీమ | శనివారం, మధ్యాహ్నం 1:15

అందరూ పూరిళ్ళని ముద్దు చేస్తాండారు, నాకెందుకో మింగుడు పడలా. 1845 నుంచి 1852 దాకా ఈ దేశంలో కరువు. ఉర్లగడ్డ పంటకి తెగులు పట్టి పది లక్షల మంది దాకా చచ్చిపోయినారు, ఇంకో పది లక్షల మంది ఓడలెక్కి పోయినారు. అద్దె కట్టలేనోళ్ళని బయటికి నెట్టి కప్పులు పీకేసినారు. మేం అకిల్ దీవిలో స్లీవ్‌మోర్ కొండ కింద పాడుబడిన ఊరు చూసినాం. మైలు పొడుగునా మొండి గోడలు, ఒక్కో ఇంట్లో ఒకటే గది, అదే గదిలో ఒక కొసన ఆవుని కట్టేసే ఇనుప కడియానికి గోడలో రంధ్రం. చూసొచ్చి కార్లో ఎక్కినాక ఫోన్లో ప్రకటన: "పల్లె ప్రశాంతత, హాట్ టబ్ కలదు." మాది అనంతపురం. మా అవ్వోళ్ళు ఉండిన కొట్టాన్ని ఎవడైనా రాత్రికి ఇంతని అద్దెకిస్తే నేను పోయి పడుకుంటానా?

పాతగోడలు | శనివారం, మధ్యాహ్నం 1:50

మీ బాధ న్యాయమే. స్లీవ్‌మోర్ విషయంలో చిన్న సవరణ: ఆ ఊరు కరువులో ఒక్కసారిగా ఖాళీ కాలేదు. జనం తీరానికి దిగిపోయాక కూడా చాలా కాలం ఎండాకాలం పశువుల్ని తోలుకొచ్చి ఆ ఇళ్ళలోనే ఉండేవాళ్ళు. ఇక పడిపోయిన ఇల్లు పడిపోతే గౌరవం, నిలబెడితే అగౌరవం అన్న లెక్క మాత్రం నాకు అర్థం కాదు.

కరువుసీమ | శనివారం, మధ్యాహ్నం 2:04

నిలబెట్టొద్దని నేను అన్లేదు సార్. ఎవురుండినారో ఆ గోడ మీద ఒక ముక్క రాసిపెట్టమంటాండా.

డోనెగల్_నర్సమ్మ | శనివారం, సాయంత్రం 6:20

రాయకపోయినా మనమే చూసుకోవచ్చండి. 1901, 1911 జనాభా లెక్కల కాగితాలు ఐర్లాండ్ నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ళ సైట్లో ఉచితం. కౌంటీ, ఊరి పేరు, ఆ ఇల్లున్న టౌన్‌ల్యాండ్ (ఊరికింద ఉండే చిన్న భూవిభాగం) పేరు తెలిస్తే చాలు. చేత్తో రాసిన అసలు ఫారాలే స్కాన్ చేసి పెట్టారు.

మేం ఉన్న ఇంటిది ఓనరమ్మ కుటుంబం పేరు చెబితే పొయ్యి దగ్గర కూర్చుని ఫోన్లో వెతికాం. బి1 అని ఒక ఫారం ఉంటుంది, పోలీసాయన ఇంటింటికీ తిరిగి నింపింది. గోడ రాయి, ఇటుక అయితే 1, మట్టి అయితే 0. కప్పు స్లేటు, రేకు అయితే 1, గడ్డి అయితే 0. తర్వాత గదులు, ఆ తర్వాత ముందు వైపు కిటికీలు ఎన్ని. మా ఇంటికి గోడ 1, కప్పు 0, కిటికీలు రెండు. తల పైకెత్తి చూస్తే అవే రెండు కిటికీలు. ఇంకో ఫారంలో మనుషులు: ఆ రెండు గదుల్లో తొమ్మిది మంది. ముసలావిడకి చదువు గడిలో "చదవడం రాదు", భాష గడిలో ఐరిష్. 1911 ఫారంలో పెళ్ళయిన ఆడవాళ్ళని ఇంకొన్ని ప్రశ్నలు అడిగారు, వాటిలో రెండు: ఎంతమంది పిల్లల్ని కన్నారు, ఎంతమంది బతికున్నారు. కోడలి గడిలో మొదటి అంకెకీ రెండో అంకెకీ మూడు తేడా. మా అమ్మ ఆ కాగితం చాలాసేపు జూమ్ చేసి చూసింది, తర్వాత "మా నాయనమ్మదీ ఇదే లెక్క" అంది.

లావణ్య గారికి పనికొచ్చేది ఒకటి. ఇక్కడ డోనెగల్, మేయో వైపు పాత ఇళ్ళలో పొయ్యి పక్కనే గోడలోకి గూడులా మంచం ఉంటుంది, ఇంట్లో ముసలివాళ్ళది ఆ వెచ్చటి చోటు. క్లేర్ వైపు పద్ధతి వేరు: కొడుక్కి పెళ్ళై కోడలు రాగానే పెద్దవాళ్ళు పొయ్యి వెనక ఉన్న పడమటి గదిలోకి మారేవాళ్ళు, వంటగది పెత్తనం కోడలిది.

వంకాయ_వేపుడు | శనివారం, సాయంత్రం 6:31

క్లేర్ వెళ్ళండి లావణ్యా, ఆలోచించకండి 😄

మదనపల్లె_మధు | శనివారం, రాత్రి 8:45

ఊరి పేరు చెప్పే అవకాశం వచ్చింది కాబట్టి చెప్తాండా. రాస్‌కామన్ కౌంటీలో బాయిల్ అని చిన్న ఊరు. 1161 నాటి మఠం ఉండాది, పక్కనే లాఖ్ కీ అడవి పార్కు. మేం ఆ దగ్గర్లో ఒక ఎస్టేటు గేటు ఇంట్లో ఉన్నాం. బాయిల్ ఎందుకంటే మార్గరెట్ కజిన్స్ పుట్టిన ఊరు అది. 1919లో టాగూర్ మా మదనపల్లె కాలేజీకి వచ్చినప్పుడు జనగణమన స్వరాలు రాసిపెట్టింది ఈమెతో కలిసే. భర్త జేమ్స్ కజిన్స్ ఆ కాలేజీలోనే పనిచేసినాడు. మా నాయన ఆ ఊరి వంతెన మీద నిలబడి పాట మొత్తం పాడినాడు, ఇద్దరు ముసలోళ్ళు ఆగి చప్పట్లు కొట్టినారు, ఏ పాటో వాళ్ళకి తెలీదు. గేటు ఇల్లు చిన్నదే, ఇద్దరు ముగ్గురికి సరి, ఒకటే అంతస్తు.

గాల్వే_గోపి | శనివారం, రాత్రి 9:30

పొయ్యి వెలిగించడం గురించి, ఎందుకంటే అందరూ అక్కడే ఇబ్బంది పడతారు. పడమటి వైపు చాలా ఇళ్ళలో టర్ఫ్ ఉంటుంది, అంటే బురద నేలలోంచి కోసి ఎండబెట్టిన దిమ్మలు. కట్టెల్లా అడ్డంగా పేర్చితే పొగే తప్ప మంట రాదు. ఫైర్‌లైటర్ ముక్క, దాని మీద సన్నటి పుల్లలు, చుట్టూ దిమ్మల్ని నిలువుగా ఒకదానికొకటి ఆనించి పెట్టాలి. గాలి కింద నుంచి తీసుకుంటుంది. అంటుకున్నాక మాటిమాటికీ కెలకొద్దు. మంట ఎగసిపడదు, ఎర్రగా కణకణలాడుతూ గంటలు గంటలు ఉంటుంది. పూర్వం రాత్రి పడుకునే ముందు నిప్పుల మీద బూడిద కప్పి, పొద్దున్నే ఊది మళ్ళీ రాజేసేవాళ్ళు. బూడిద మాత్రం ప్లాస్టిక్ డబ్బాలో పొయ్యకండి, మర్నాటికి కూడా లోపల నిప్పు ఉంటుంది. కార్బన్ మోనాక్సైడ్ అలారం గదిలో ఉందో లేదో చూడండి, లేకపోతే ఓనర్‌కి ఫోన్ చెయ్యండి, అప్పటిదాకా వెలిగించొద్దు.

దారిలో కొట్లో కొందామంటే టర్ఫ్ దొరకదు. 2022 అక్టోబర్ 31 నుంచి షాపుల్లో, ఆన్‌లైన్లో అమ్మకం బంద్. బురద నేల మీద హక్కు ఉన్నవాళ్ళు తమకోసం కోసుకోవచ్చు, పక్కవాళ్ళకి ఇవ్వొచ్చు. కాబట్టి మీ బుట్టలో ఉన్నది ఓనర్ వీపు నొప్పితో వచ్చినదే, చూసి వాడండి.

సిద్దిపేట_సీను | ఆదివారం, ఉదయం 10:10

రోడ్డు ముచ్చట నేను జెప్త. నడుమ గడ్డి మొలిచిన రోడ్లు ఉంటయ్, రెండు దిక్కుల రాతి గోడ, ఎదురంగ ట్రాక్టర్. ఎవరికి జాగ దగ్గరుంటె వాల్లే ఎన్కకు పోవాలె. చిన్న పల్లె రోడ్ల మీద 2025 ఫిబ్రవరి నుంచి మామూలు లిమిట్ 60, మునుపు 80 ఉండె. అడ్రస్‌ల ఇంటి నంబర్ ఉండది, ఊరి పేరే రాస్తరు, గందుకే ఎయిర్‌కోడ్ అడుగు, అక్షరాలు, అంకెలు కలిసి ఏడు, ఒక్కో ఇంటికి ఒక్కటి. సిగ్నల్ పోకముందే మ్యాప్ డౌన్‌లోడ్ చేస్కో. డబ్లిన్ సుట్టు తిరిగే ఎం50 రోడ్డు మీదికెల్లి పోతె టోల్‌కు గేటు ఉండది, తెల్లారి రాత్రి 8 లోపట ఆన్‌లైన్ల కట్టాలె.

డోనెగల్_నర్సమ్మ | ఆదివారం, ఉదయం 11:00

ముఖ్యమైనది. ఆంట్రిమ్ తీరంలో కూడా మంచి పాత ఇళ్ళున్నాయి, జెయింట్స్ కాజ్‌వే పక్కనే. కానీ అది ఉత్తర ఐర్లాండ్, అంటే యూకేలో భాగం. దారిలో గేటు ఉండదు, చెక్‌పోస్టు ఉండదు, ఎప్పుడు దాటామో కూడా తెలియదు. అయినా ఐరిష్ వీసా ఒక్కటే ఉంటే మన పాస్‌పోర్టు వాళ్ళు అటు వెళ్ళకూడదు. ఇక్కడ ఐఆర్‌పీ కార్డు (ఐర్లాండ్ నివాస అనుమతి కార్డు) ఉన్న మీకూ అదే రూలు. అత్తయ్య గారివాళ్ళ వీసా మీద 'బీఐవీఎస్' (బ్రిటిష్-ఐరిష్ ఉమ్మడి వీసా పథకం) అని ఉంటే రెండు వైపులా చెల్లుతుంది. వీసా చేతికి రాగానే అది చూసుకోండి.

కొత్తగా_వచ్చా | ఆదివారం, మధ్యాహ్నం 12:20

అన్నా, ఐర్లాండ్ దీవుల్లో పాత ఇల్లు కొంటే గవర్నమెంటే 80 లక్షలు ఇస్తుందని మా ఊళ్ళో వాట్సాప్‌లో తిరుగుతోంది. నిజమా?

పాతగోడలు | ఆదివారం, మధ్యాహ్నం 12:41

సగం. 2023లో దీవుల విధానం ప్రకటించినప్పుడు, పాడుబడిన ఇల్లు బాగుచేసుకునేవాళ్ళకి దీవుల్లో 84,000 యూరోల దాకా గ్రాంటు పెట్టారు. ఇల్లు మీరే కొనాలి, రెండేళ్ళుగా ఖాళీగా ఉండాలి, పని చేయించాక డబ్బు వస్తుంది. దానికీ వీసాకీ సంబంధం లేదు. పడవలో సిమెంటు బస్తా తెచ్చే ఖర్చు తెలిసినవాడిగా చెప్తున్నా, ఆ డబ్బు ఎక్కువేం కాదు.

లూకన్_లావణ్య | మంగళవారం, రాత్రి 9:55

అందరికీ థ్యాంక్స్. క్లేర్‌లో బాలీవాన్ దగ్గర ఒకే అంతస్తు రాతి ఇల్లు ఖాయం చేశాను, కప్పు స్లేటు. ఓనరమ్మతో ఫోన్లో మాట్లాడాను. హీటింగ్ ముందు రోజే వేస్తానంది, కరెంటు అద్దెలోనే, పొయ్యి వాడుకోవచ్చు, కార్బన్ మోనాక్సైడ్ అలారం రెండు ఉన్నాయట. గుమ్మం దగ్గర ఒక మెట్టు, స్నానాల గది దగ్గర ఇంకోటి, అంతే. తలుపు ఎత్తు కూడా అడిగాను, మా ఆయన ఆరడుగులు. "వంగాల్సిందే" అంది, నవ్వుతూ.

అత్తయ్యకి చెబితే ఆవిడ అడిగింది ఒక్కటే: పాలు ఎక్కడ దొరుకుతాయి?

గాల్వే_గోపి | మంగళవారం, రాత్రి 10:08

ఊళ్ళో కొట్టు ఉంది, కానీ పొద్దున్న ఆరింటికి తెరవరు. ముందు రోజే రెండు లీటర్లు కొనిపెట్టుకోండి. ఫిల్టర్, కాఫీపొడి మీదే.

కొత్తగా_వచ్చా | మంగళవారం, రాత్రి 10:30

ఇలాంటి ఇళ్ళకి కుక్కని తీసుకెళ్ళనిస్తారా?

డోనెగల్_నర్సమ్మ | మంగళవారం, రాత్రి 10:44

కొందరు రానిస్తారు. చుట్టుపక్కల గొర్రెలుంటే మాత్రం చాలామంది ఒప్పుకోరు, ఒప్పుకున్నా గొలుసు తియ్యొద్దంటారు. బుక్ చేసే ముందే రాసి అడగండి.